మెసుత్తరం పుట్టిల్లు

మెసేజీనీ ఉత్తరాన్నీ ఒకే మగ్గానికెక్కించి నేసిన 'మెసుత్తరం' అనే మాట ఎక్కడ పుట్టిందో తేల్చడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పెద్దలు కలిసి రెండువేల ఆరులో ఒక సంఘం పెట్టుకున్న సంగతి పాఠకలోకానికి తెలిసే ఉంటుంది. తెలియకపోతే తప్పు పాఠకలోకానిదే. ఆ ఏడు ఆ మూడు ఊళ్లలో కుళాయిలు ఎండిపోవడం, కరెంటు అలగడం, బస్సులు స్టాపులో ఆగకుండా పోవడం వంటి చిన్నాచితకా విషయాలు కొన్ని ఉన్నమాట నిజం. అవి ఎప్పుడూ ఉండేవే. వాటి కోసం పెద్దమనుషులు ఇస్త్రీ బట్టలు కట్టుకోవడం బాగుండదు.

సంఘం పేరు మెసుత్తర జన్మస్థల నిర్ధారణ మహాసంఘం. దానికి అధ్యక్షుడు గద్వాల చీరల సావుకారి బుచ్చన్న. మొదటి సమావేశానికి కుర్చీలు ఆయనే తెప్పించాడు కాబట్టి అధ్యక్షత కోసం వేరే ఎన్నిక అవసరం పడలేదు. అరవైకి దగ్గరపడిన మనిషి. తండ్రి మగ్గం గుంటలో కాళ్లు పెట్టి బతికితే, ఈయన ఆ గుంటల పక్కన అరుగు మీద కూర్చుని బతుకుతున్నాడు. దీన్నే అభివృద్ధి అంటారు.

బుచ్చన్న దగ్గర సెల్‌ఫోను ఉండేది. లోపలి వస్తువు బయటికి కనబడేంత పలుచని చొక్కాలు కుట్టించుకుని, దాన్ని జేబులో పెట్టుకుని తిరిగేవాడు. దానిలో మెసేజీలు చదవడం మాత్రం ఆయనకు రాదు. ఆ రోజుల్లో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. బుచ్చన్నకు తెలుగు అక్షరాలొచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకని డిగ్రీ చదువుతున్న కూతురు యమున వచ్చినవి చదివి పెట్టేది, ఆయన చెబితే కొట్టి పంపేది.

ఆయన చెప్పడం మొదలుపెడితే ఫోనుకు చెమటలు పట్టేవి. 'మహారాజశ్రీ బెంగుళూరు సేటు గారి సముఖమునకు గద్వాల నుండి బుచ్చన్న అనేక నమస్కారములు చేసి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేమంతా క్షేమం, అచ్చట మీ క్షేమం' అనేసరికి మెసేజీలో చోటు అయిపోయేది. మిగతాది ఇంకో మెసేజీలో చెబుదామంటే, నమస్కారం లేకుండా ఎలా మొదలుపెడతామని ఆయన మళ్లీ మహారాజశ్రీ దగ్గరికి వెళ్లేవాడు. సేటుకు ఆ రోజంతా నమస్కారాలు అందాయి గానీ చీరల మూట బయలుదేరిందన్న సంగతి అందలేదు. మూటే ముందు అందింది.

ఒకనాడు యమునకు వేళ్లు నొప్పి పుట్టి, "నాయినా, గిది మెసేజీ కాదు, ఉత్తరం కాదు. మెసుత్తరం" అంది.

బుచ్చన్నకు ఆ మాట తెగ నచ్చింది. అంగట్లో వాడాడు, పెళ్లిళ్లలో వాడాడు, కర్నూలు బస్సులో పక్కసీటు మనిషి మీద వాడాడు. నెల తిరిగేసరికి ఆ మాట తానే పుట్టించానని నలుగురిలో చెప్పాడు. ఆ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు కూడా నమ్మాడు. ఆ మాట కూతురి నోటి నుంచి అంత తడుముకోకుండా, ముందే అలవాటున్నట్టు ఎలా వచ్చిందని మాత్రం ఆయన ఆలోచించలేదు. అధ్యక్షులకు అన్నీ ఆలోచించే తీరిక ఉండదు.

మాట ఊళ్లు దాటింది. పత్తి అమ్మేవాడు మెసుత్తరం పెట్టమన్నాడు, పంతులు ముహూర్తం మెసుత్తరంలో పంపుతానన్నాడు. మాటకు గిరాకీ పెరిగాక తండ్రులు పుట్టుకొచ్చారు. వనపర్తిలో రిటైరైన తెలుగు లెక్చరర్ చిన్నయ్య సారు, తాను పూర్వమే ఈ మాటను క్లాసులో బల్ల గుద్ది చెప్పానని, అప్పట్లో సెల్‌ఫోన్లు లేకపోవడం వల్ల పిల్లలకు అర్థం కాలేదని ప్రకటించాడు. నాగర్‌కర్నూల్‌లో సెల్లు దుకాణం పెట్టుకున్న అరవింద్ తన బోర్డు మీద ఆ మాట రాయించి, బోర్డే సాక్ష్యం అన్నాడు. పెబ్బేరు సంతలో ఎడ్ల బేరగాళ్లు కూడా ఒక అర్జీ పెట్టారు. తువ్వాల కింద వేళ్లు పట్టుకుని నోరు మెదపకుండా బేరం తెంచడం తమ తాతల నాటి విద్య అని, నోరు లేని కబురుకు అసలు పుట్టిల్లు తమ తువ్వాలేనని వాళ్ల వాదన. తువ్వాల కింద జరిగింది సభలో చదివి వినిపించడం కుదరదు కాబట్టి సంఘం వారిని అభినందించి పంపేసింది.

ఇక తేల్చడం ఎలా? ఇక్కడే బుచ్చన్న తన కులవిద్యను పైకి తీశాడు.

గద్వాలలో కొత్త అంచు ఏదైనా వస్తే, అది తమదంటే తమదని నాలుగు ఇళ్లు కొట్లాడుకోవడం మామూలే. అప్పుడు పెద్దలు చేసేది ఒకటే. మొదటి చీర తెమ్మంటారు. ఏ ఇంట్లో మొదట మగ్గం దిగిందో ఆ ఇంటివాళ్లు దాన్ని అమ్మకుండా దాచుకుంటారు. నలుగురి ముందు మడత విప్పి పరిస్తే వాదన అక్కడితో సరి. బుచ్చన్న మాటకూ అదే లెక్క అన్నాడు.

"ఎవలు మొదలు పెట్టిన్రో, ఆ ఫోను తేవాలె. సభల పరవాలె. అందరు ఇనేటట్టు సదవాలె" అన్నాడు.

చీరను పరవడం వేరు, ఒకరు ఇంకొకరికి రాసుకున్నది పరవడం వేరు అని ఆ సభలో ఎవరికీ తట్టలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నిర్ణయ సభ మూడు ఊళ్లకూ అందుబాటులో, కృష్ణ ఒడ్డున, బీచుపల్లిలో ఆంజనేయస్వామి గుడి దగ్గరి సత్రంలో అని ఖాయం చేశారు.

బుచ్చన్న ఇంటికొచ్చి పాత ఫోను అడిగాడు. బెంగుళూరు మెసుత్తరాలన్నీ దానిలోనే ఉన్నాయని ఆయన ధీమా. ఇంట్లో ఉన్నంతసేపూ ఆ ఫోను అందరిదీ. మగ్గాల కొట్టంలో దూలానికి గుడ్డసంచిలో వేలాడుతూ ఉండేది, ఒకరు రాసిపెట్టింది ఇంకొకరు తీసి చదువుకోవచ్చు. కొత్తది కొన్నాక దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

"గది ఖరాబైంది నాయినా. ఎప్పుడో పాడేసిన" అంది యమున.

అప్పుడు ఆమె చేతిలో అడ్డపోగు దూర్చే నాడె ఉంది. మగ్గానికి అటు చివర మధు ఉన్నాడు. అతను బల్మూర్ దిక్కు మెట్టరైతు కొడుకు. వానలు మొహం చాటేస్తే పొలం వదిలి వచ్చి, బుచ్చన్న దగ్గర కూలికి నేత నేర్చుకున్నాడు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పోగులోకి పోగు చిక్కించాలంటే ఒక మనిషి వల్ల కాదు. ఇటొకరు, అటొకరు కూర్చుని నాడెలు విసరాలి. ఇంటి ఆడవాళ్లు ఒక పక్కన కూర్చోవడం పాత పద్ధతే. మధు వేరే కులంవాడు కాబట్టి బుచ్చన్న దృష్టిలో అతను మగ్గంలో ఒక కర్రతో సమానం. కర్ర పక్కన కూతురు కూర్చుంటే ఏ తండ్రి భయపడతాడు? పైగా అంచు కలిపేటప్పుడు నోరు విప్పకూడదన్నది ఆ కొట్టంలో బుచ్చన్న పెట్టిన కట్టుబాటు. మాట పడితే పోగు తెగుతుందని ఆయన ఎదురుగా అరుగు మీద కూర్చుని కాపలా కాసేవాడు.

మీకు అప్పుడే అర్థమైపోయింది. బుచ్చన్నకు కాలేదు. ఆయన కూతురికి సంబంధాలు చూస్తూ తీరిక లేకుండా ఉన్నాడు.

సభనాటి పొద్దున పేపరువాళ్లు వచ్చారు. నేతన్న నోట కొత్త మాట పుట్టిందని రాస్తారట, మగ్గం మీద కూర్చున్న ఫోటో కావాలన్నారు. బుచ్చన్న ఏళ్ల తర్వాత మగ్గం గుంటలోకి కాళ్లు దించాడు. కెమెరా వైపు చూసి నవ్వుతూ ఉండగా కాలికి ఏదో మెత్తగా తగిలింది. వంగి తీస్తే పట్టు చిక్కులో చుట్టిన మూట. మూట విప్పితే ఫోను.

"పాడేసిన అంటివి గదనే! బీచుపల్లి అంజన్నే ఇచ్చిండు" అని ఆయన దాన్ని కళ్లకు అద్దుకున్నాడు.

యమున చెయ్యి చాచింది. "నాయినా, నీ దండం పెడ్త, జర నాకియ్యి" అంది.

"సభల అందరి ముందట ఇస్త బిడ్డా. నువ్వు రా, మీ అమ్మ గూడ వస్తది" అన్నాడు. పక్కనే ఉన్న భార్య రాజేశ్వరి కూతురి వైపు ఒకసారి, ఫోను వైపు ఒకసారి చూసి, మొగుడి వైపు చూడకుండా లోపలికి పోయింది.

బీచుపల్లి సత్రం కిక్కిరిసింది. పక్కన హైవే మీద లారీలు హారన్లు కొడుతుంటే, వాటితో పోటీపడి ఉపన్యాసాలు నడిచాయి. చిన్నయ్య సారు మైకు పట్టుకుని, "ఒక మాటకు జన్మనివ్వడం ఒక జాతికి జన్మనివ్వడమే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అర్థం కానివాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

తర్వాత సాక్ష్యాలు. నాగర్‌కర్నూల్ అరవింద్ ఒక సంచి నిండా ఫోన్లు తెచ్చాడు. అన్నిట్లోనూ మెసుత్తరం అనే మాట ఉంది, అన్నిటి మీదా తేదీ రెండువేలో సంవత్సరం జనవరి ఒకటి. బ్యాటరీ ఊడదీసి పెడితే ఏ ఫోనైనా ఆ తేదీకే పోతుందని ఎవరో గొణిగారు. అప్పటికి ఊళ్లో సెల్ టవరే లేదు కదా అని ఇంకెవరో అడిగారు. "టవర్ల కంటె ముందునుంచే మా ఊరికి సిగ్నల్ ఉండె" అన్నాడు అరవింద్ తొణక్కుండా. చిన్నయ్య సారు తన ఫోను చూపించాడు. దానిలో ఆ మాట పుట్టించినందుకు ఆయనను పొగుడుతూ ఒక మెసుత్తరం ఉంది. పంపిన నంబరూ ఆయనదే, అందిన నంబరూ ఆయనదే. సభ ఆయన నిజాయితీని మెచ్చుకుంది.

చివరికి బుచ్చన్న లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. పాత ఫోనుకు అరవిందే తన సన్నపిన్ను ఛార్జరు పెట్టి ప్రాణం పోశాడు. ఇంగ్లీషు అక్షరాలు చదవగల చిన్నయ్య సారు చేతికి దాన్నిచ్చి, "అన్నిటికంటె పాతది సదువుండ్రి సారూ" అన్నాడు అధ్యక్షుడు.

సారు వెతికాడు. తేదీ చూశాడు. కిందటేడు శ్రావణం నాటిది. సభలో అంతకంటే పాతది, నమ్మదగ్గది ఇంకొకటి లేదని ఒప్పుకుని, గొంతు సవరించుకుని మైకులో చదివాడు.

"పెద్దంచు దిక్కు నువ్వు, చిన్నంచు దిక్కు నేను. నాయిన ఎదురుంగనే ఉండె. నోటితోని చెప్పనీకె లేదు, గందుకే గీ మెసుత్తరం. నువ్వు లేకుంటె నేనుండ. మనం లగ్గం చేసుకుందాం. నీకు ఇష్టమైతె జవాబు రాయకు. నాడె జర గట్టిగ ఇసురు. నాకు తెలుస్తది."

 ఆ తర్వాత అందరూ ఒక్కసారే అరిచారు.

"థూ! నాయిన ముందట్నే గీ పనా?"

"ఎవలింటిదో గాని, కాళ్లు ఇరగ్గొట్టాలె!"

"ఇందులో సాహిత్య విలువలు పూర్తిగా శూన్యం. పచ్చి అసభ్యం" అని చిన్నయ్య సారు ఫోనును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "బుచ్చన్నా, ఈ ఫోను ఎవరిది?"

బుచ్చన్నకు చెవుల్లో ఆ గోల వినబడలేదు. ఆయనకు ఒక చప్పుడు వినబడింది. కిందటేడు శ్రావణంలో ఒక మధ్యాహ్నం, కొట్టంలో మధు నాడెను ఉన్నట్టుండి ధన్‌మని విసిరాడు. మళ్లీ విసిరాడు. అరుగు మీద కునుకు తీస్తున్న తాను ఉలిక్కిపడి లేచి, "నాడె పగులుతది, జర మెల్లగ ఇసుర్రా" అని తిట్టాడు. కూతురు తలొంచుకుని ఉంది. నవ్వుతోందని ఇప్పుడు తెలిసింది. తన కూతురి బతుకులో అంత పెద్ద మాట తన ఎదురుగానే జరిగింది, తాను దానికి నాడె ఖరాబవుతుందని గోల చేశాడు.  పరువు పోతుందన్న భయం కొంత. కానీ అంతకంటే ఎక్కువగా, ఈ జనం నా బిడ్డను బతకనివ్వరన్న భయం.

ఆడవాళ్ల వరసలో యమున లేచి నిలబడింది. నోరు తెరిచింది. ఆమె చెప్పేస్తుందని ఆయనకు తెలిసిపోయింది.

"నాది!" అని బుచ్చన్న మైకు లాక్కున్నాడు. "నేనే పెట్టిన. మా ఇంటామెకు పెట్టిన."



"మరి నాయిన ఎదురుంగనే ఉండె అంటివి? మీ నాయిన పోయి ఏండ్లాయె గద?" అన్నాడు అరవింద్.

"గోడ మీద ఫోటో ఉంది గద" అన్నాడు బుచ్చన్న.

"మరి లగ్గం?"

"షష్టిపూర్తి ఉంది గద."

అంతే. చిన్నయ్య సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తండ్రి ఫోటో ముందు కూడా భార్యతో గొంతెత్తి మాట్లాడని పితృభక్తి ఎక్కడైనా చూశారా అని సభను అడిగాడు. అసభ్యం అన్న నోటితోనే అద్భుతం అన్నాడు. ఇందాక కాళ్లు విరగ్గొడతానన్నాయన కళ్లు ఒత్తుకున్నాడు. మెసుత్తరంలో ఒక్క అక్షరం మారలేదు. పంపినవాళ్ల వయసు, పెత్తనం మారాయి, దానితో సాహిత్య విలువలు వచ్చి చేరాయి.

వెంటనే తీర్మానాలు జరిగాయి. మెసుత్తరానికి పుట్టిల్లు గద్వాల. ఆ మెసుత్తరాన్ని ఒక చీర కొంగులో నేయించాలి. ఇంత పవిత్రమైన మాట ఆకతాయి చేతుల్లో పడి మైలపడకుండా, ఈ మూడు ఊళ్లలో పెళ్లి కాని ఆడపిల్లల చేతికి ఫోను ఇవ్వకూడదు. చివరి తీర్మానానికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి. అధ్యక్షుడు దండలో మునిగిపోయి ఉండటం వల్ల పక్కవాళ్లు కలం చేతిలో పెట్టి సంతకం చేయించారు. బుచ్చన్న కూతురి వైపు చూడలేకపోయాడు.

ఇంటికొచ్చాక యమున కొట్టంలో నిలబడి అడిగింది. "నాదని చెప్తుంటి. నువ్వే అడ్డమొచ్చినవ్. నన్ను కాపాడనీకెనా నాయినా, ఆ మాట నీదనిపించుకోనీకెనా?"

బుచ్చన్న సభలో కప్పిన శాలువా అంచు నలిపాడు. "తెల్వదు బిడ్డా. రెండుటి కోసమేమో" అన్నాడు. ఆయన జీవితంలో అధ్యక్షుడిగా కాకుండా చెప్పిన మాట అదొక్కటే.

రాజేశ్వరి నీళ్ల చెంబు తెచ్చి ముందు పెట్టింది. "ఇన్నేండ్ల కాపురంల ఒక్క మంచిమాట చెప్పినోనివి కాదు. ఇయ్యాల నిండు సభల నాకు మెసుత్తరం పెడితివి. నాకు పెట్టినవ్ గద, జవాబు నేనే ఇయ్యాలె. లగ్గమన్నవ్, లగ్గం చేద్దాం. కాని పీటల మీద కూసునేది మనం కాదు" అంది.

"సంఘమోళ్లు ఊకుంటరా?"

"సంఘమోళ్లకు అన్నం పెడ్దాం" అంది రాజేశ్వరి.

మూలన మధు సంచి సర్దుకుని నిలబడి ఉన్నాడు. పొమ్మనే మాట కోసం ఎదురు చూస్తున్నాడు. బుచ్చన్న అతని వైపు చూశాడు. కర్ర లాగా కనబడలేదు. మనిషిలాగే ఉన్నాడు, భయపడుతున్న మనిషిలాగా.

"యాడికి పోతవ్? కూసో. నాడె ఇసురు" అన్నాడు బుచ్చన్న.

మధు గుంటలో కాళ్లు పెట్టి విసిరాడు.

"గంతేనా? గట్టిగ ఇసురుతవంట గద" అన్నాడు బుచ్చన్న.  ఈసారి కొట్టం అదిరింది.

షష్టిపూర్తి శుభలేఖలు మూడు ఊళ్లకూ అందాయి. మహాసంఘం సభ్యులు సకుటుంబంగా తరలివచ్చారు. కొంగులో మెసుత్తరం నేసిన చీరను పందిట్లో పరిచారు. చిన్నయ్య సారు దాన్ని భావయుక్తంగా చదువుతూ, 'మనం లగ్గం చేసుకుందాం' అన్నచోట చెయ్యి చాచి పీటల వైపు తిరిగాడు. పీటల మీద యమున, మధు ఉన్నారు. సారు చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. తలంబ్రాలు ఆగలేదు.

ఈ ఘోరాన్ని మహాసంఘం తీవ్రంగా పరిగణించింది. అయితే ఆకులు వేసేశారు కాబట్టి, ముందు భోజనాలు ముగించింది. బుచ్చన్న తెప్పించిన కుర్చీల్లోనే కూర్చుని, చేతులు కడుక్కున్న తడి ఆరకముందే అత్యవసర సమావేశం జరిపింది. ఆ మెసుత్తరం మళ్లీ అసభ్యమైంది. బుచ్చన్న అధ్యక్ష పదవి పోయింది. గద్వాలకు ఇచ్చిన గౌరవం రద్దయింది. వనపర్తిగానీ నాగర్‌కర్నూల్‌గానీ అంత అప్రతిష్ట పాలైన మాటను నెత్తికెత్తుకోవడానికి సిద్ధపడలేదు. కాబట్టి మెసుత్తరానికి పుట్టిల్లు లేదని, అది తల్లీతండ్రీ లేకుండా గాలికి పుట్టిందని రాసి మినిట్సు ముగించారు. ఆడపిల్లల చేతికి ఫోను ఇవ్వకూడదన్న తీర్మానం మాత్రం అలాగే ఉంచారు.

పాఠకులు విజ్ఞులు. ఇదంతా చదివి, ఆ ఊళ్ల పెద్దల తెలివికి హాయిగా నవ్వుకుని ఉంటారు. అదిగో, లోపలి గదిలో మీ అమ్మాయి ఫోను టింగుమంది. ఏమండీ, ఎక్కడికి లేచారు?